జెండాల దుకాణంలో రెండో ఆర్డర్

"పెట్టను. ఆ కాగితం నా ముందటికి తేకు" అన్నాను.

"పెట్టకపోతే నన్నేం జెయ్యమంటవ్ అత్తమ్మా? రేపే ఆఖరు దినం. మూడు కొట్టంగనే తలుపు మూస్తరట" అంది మా కోడలు సుజాత.

"గల్లీల ఇంతమంది ఓటర్లున్నరు. ఇంకొకల్లను అడుగు."

"కిరాణా దుకాణపాయన పెడ్తనని చెప్పి పొద్దుగాల మాట మార్చిండు. ఇంకొకలు దొరకరని గాదు. ఇంట్ల అత్తే సంతకం పెట్టకపోతే నాకు గల్లీల ఎవలేస్తరు ఓటు? ముందుగాల మీ అత్తను ఒప్పిచ్చుకోపో అనరా?"

"అననీ. నలభై రెండేండ్లు అన్ని పార్టీల జెండలు కుట్టిన. ఒక్క కాగితం మీద సంతకం పెట్టలే. ఒక్క కండువ మెడలేసుకోలే. గా పేరు ఇప్పుడు పోగొట్టుకొమ్మంటవా?"

"పేరు, పేరు అంటవ్. నాలా నీళ్ళు ఇంట్లకొచ్చినప్పుడు నీ పేరు చూసి వాపస్ పోయినయా?"

కత్తెర బల్ల మీద పెట్టాను. చప్పుడు వచ్చేలాగే పెట్టాను. మిషన్ల మీదున్న ఆడవాళ్ళు తొక్కడం ఆపారు. మా వాడు, అంటే సుజాత మొగుడు, టిఫిన్ డబ్బాకు మూత పెట్టి మెల్లగా బయటికి నడిచాడు. వాడికి తెలివి ఉంది.

ఆ గొడవ ఎలా తెగిందో చివర చెబుతాను. అంతకుముందు నేను చేసిన పనేమిటో తెలియాలి. లేకపోతే ఒక ముసలిదానికీ కోడలికీ మధ్య కాగితం ముక్క కోసం ఇంత రభస ఎందుకో మీకు అర్థం కాదు.

మా దుకాణానికి కుట్టు నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లలు "అవ్వా, మీ కాలంల ఎట్లుండె?" అని అడుగుతుంటారు. నోటితో చెబితే సగం విని ఫోన్ చూసుకుంటారు. అందుకని రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి వరకే. అక్షరాలు పెద్దవిగా పడతాయి, కాగితం ఎక్కువ ఖర్చవుతుంది. అందుకే పాత ఎన్నికల కరపత్రాల వెనకవైపు రాస్తున్నాను. మా ఇంట్లో వాటికి కొదవ లేదు. ఈ పేజీ వెనక ఒక నాయకుడు దండం పెడుతున్నాడు.

పనిలో చేరడం

నా పేరు యాదమ్మ. మా ఇల్లు చిలకలగూడలో, నాలా అనే మురికికాలువ పక్కన. మా ఆయన స్టేషన్‌లో సామాను మోసేవాడు. ఆయన నడుము పట్టేశాక నేను పని వెతుక్కుంటూ సత్తార్ మాస్టర్ దుకాణానికి వెళ్ళాను. స్టేషన్ నుంచి నడిచిపోయేంత దూరం. ఒకటే గది, ఆరు మిషన్లు. గోడ పొడవునా అన్ని పార్టీల గుడ్డ థాన్లు వరసగా నిలబెట్టి ఉండేవి.

"ఏం కుట్టొస్తదమ్మా?" అని అడిగాడు.

"జాకిట్లు."

"జాకిట్ ఒక్క మనిషికి సరిపోతే చాలు. జెండ ఊరందరికి సరిపోవాలె. అయితదా?"

"గుడ్డ ఇచ్చి చూడుండ్రి" అన్నాను.

ఆ రోజు సాయంత్రం నేను కుట్టిన జెండాను ఆయన తిరగేసి, వెనకవైపు కుట్టు చూశాడు. ముందువైపు చూడలేదు. "రేపటి సంది రా" అన్నాడు. పిల్లలూ, ఇప్పటికీ నేను మీ పనిని వెనకవైపు నుంచే చూసేది అందుకే.

మాస్టర్ పెట్టిన నియమం ఒకటే. దుకాణంలో పనిచేసేవాళ్ళు ఎవరూ కండువా వేసుకోకూడదు, ఎవరు గెలుస్తారని అడగకూడదు, ఎవరి కాగితం మీదా సంతకం పెట్టకూడదు. "పొద్దుగాల ఈ పార్టీ ఆయన వస్తడు, పగటీలి ఆ పార్టీ ఆయన వస్తడు. ఇద్దరికి మనం చాయ్ పొయ్యాలె" అనేవాడు. ఆ నియమం నాకు బాగా నచ్చింది. నచ్చడానికి నా పిసినారితనం కూడా కారణమే. ఎవరికీ ఏమీ ఇవ్వనక్కర లేదు కదా, మాట కూడా.

రెండో ఆర్డర్

ఎన్నికల ముందు మొదటి ఆర్డర్ నాయకుడి దగ్గర్నుంచి వస్తుంది. టెంపోలో థాన్లు దిగుతాయి. వెంట వచ్చిన మనుషులు గొంతులు పెంచి మాట్లాడతారు. ఆ ఆర్డర్ చూసి ఏమీ తెలియదు. డబ్బున్నవాడికి గుడ్డ ఉంటుంది, అంతే.

చూడాల్సింది రెండో ఆర్డర్. పదిరోజులు తిరిగాక, ఉన్న జెండాలు జనం చేతుల్లోకి వెళ్ళిపోయి, ఇంకా కావాలని ఎవరో పరుగెత్తుకొస్తే అది రెండో ఆర్డర్. అది నాయకుడు ఇచ్చేది కాదు, జనం ఇప్పించేది.

ఒక ఎన్నికలో ఒక పెద్దమనిషి మూడు టెంపోల గుడ్డ దింపాడు. అదే వారం సైకిల్ మీద ఒక బడిపంతులు వచ్చాడు. ఏ పార్టీ లేదు. క్యారేజీకి కట్టుకొచ్చిన గుడ్డతో నలభై జెండాలు కుట్టమన్నాడు. మాస్టర్ ఇద్దరికీ ఒకే రకం చాయ్ పోశాడు.

నాలుగో రోజుకు పంతులు మళ్ళీ వచ్చాడు. ఆరో రోజుకు పంతులు రాలేదు. పాలమ్మే ఆడవాళ్ళు వచ్చారు, తమ గుడ్డ తామే తెచ్చుకుని. ఆ తర్వాత ఆటోవాళ్ళు. పెద్దమనిషి దగ్గర్నుంచి మాత్రం మళ్ళీ కబురు లేదు.

"మాస్టర్ సాబ్, పంతులు గెలుస్తడా?" అని నోరుజారాను.

"అడగద్దన్నగదమ్మా" అని కసిరాడు.

పంతులు ఓడిపోయాడు. కొద్దిలో ఓడిపోయాడు. నాకు మూడు రోజులు పని మీద మనసు పడలేదు. గెలిచిన పెద్దమనిషి నెల తిరక్కముందే పంతులు జెండాలు ఎగిరిన బస్తీలో వీధి దీపాలు వేయించాడు. అంతకుముందు పదేళ్ళు అడిగినా వేయనివి. నేను ఆశ్చర్యపోతే మాస్టర్ పాన్ నములుతూ అన్నాడు: "గెలిసినోడు తన జెండలు చూసుకొని ఏసిండనుకుంటున్నవా? పంతులు జెండలు యాదికొచ్చి ఏసిండు."

ఆ మాట నేను అప్పుడు సగమే అర్థం చేసుకున్నాను. ఓడిపోయిన ఆశ కూడా పని చేస్తుందని, దీపం వెలిగిస్తుందని పూర్తిగా తలకెక్కడానికి నాకు ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

గొట్టం కుట్టు

కర్ర దూర్చడానికి జెండా ఒక పక్కన గుడ్డను గొట్టంలా మడిచి కుడతాం. గాలి బరువంతా పడేది అక్కడే. నేను అక్కడ రెండు కుట్లు వేసేదాన్ని. మాస్టర్‌కు కోపం వచ్చేది.

"ఒక్క దినం బతికే జెండకు రెండు కుట్లెందుకమ్మా? దారం దండగ."

దారం దండగ అని నాకు చెప్పేవాడు ఈ భూమ్మీద ఆయనొక్కడే. ఊడిన గుండీ దారం కూడా చుట్టి దాచుకునే మనిషిని నేను. అయినా ఆ ఒక్క విషయంలో వినలేదు.

"ఒక్క దినం బతకాల్నని మీరంటున్నరు. పట్టుకున్నోడు అట్ల అనుకుంటలేడు. ఇంటికి తీస్కపోతడు" అన్నాను.

"తీస్కపోయి ఏంజేస్తడు?"

"కిటికీకి కట్టుకుంటడు. బియ్యం డబ్బ మీద కప్పుకుంటడు. ఏం జేసినా, సభల ఉండంగనే ఊడిపోతే మాత్రం మనల్ని తిడ్తడు."

ఒకసారి మైదానంలో పెద్ద సభ. రెండు దుకాణాల జెండాలు కలిసిపోయాయి. మధ్యాహ్నం గాలిదుమారం లేచింది. చూస్తుండగానే ఒక్కొక్క గుడ్డా కర్రను వదిలి ఎగిరిపోయింది. జనం చేతుల్లో ఉత్త కర్రలు మిగిలాయి. మా దుకాణంవి మిగిలాయి. అన్నీ అని చెప్పను, చాలావరకు మిగిలాయి. మాస్టర్ మర్నాడు వచ్చి, నా మిషన్ పక్కన దారం ఉండలు రెండు ఎక్కువ పెట్టి పోయాడు. నలభై రెండేళ్ళలో నాకు దొరికిన మెచ్చుకోళ్ళలో అదే పెద్దది. దాన్ని నేను ఇప్పటికీ చెప్పుకుంటాను, సిగ్గుపడను.

తర్వాత రాష్ట్రం కోసం జనం రోడ్లెక్కిన రోజులు వచ్చాయి. అప్పుడు మొదటి ఆర్డరే లేదు, అన్నీ రెండో ఆర్డర్లే. గుడ్డ దొరకలేదు. ఆడవాళ్ళు తమ చీరలే తెచ్చారు. ఉడకబెట్టిన పల్లీలమ్మే ఒకామె చీర బల్ల మీద పరిచి, "దీంట్ల రెండు జెండలు తియ్యి. మిగిలిన దాంట్ల నా మనుమరాలికి లంగ తియ్యి" అంది. నేను కొలిచి, జెండాలు రెండూ తీసి, లంగా తీసి, మిగిలిన పీలికతో ఆమె త్రాసు తుడుచుకోవడానికి గుడ్డ కూడా తీశాను. అంత సంతోషంగా నేను ఎప్పుడూ కత్తెర పట్టలేదు.

రాష్ట్రం వచ్చింది. అది అబద్ధం కాదు. మా నాలాకు గోడ రాలేదు. అదీ అబద్ధం కాదు. ఈ రెండూ కలిపి చెప్పనివాళ్ళ మాట నమ్మకండి. ఏమీ మారదు అనేవాడు పల్లీల ఆమెను చూడలేదు. అంతా మారిపోయింది అనేవాడు మా ఇంటికి వానాకాలంలో రాలేదు.

నా తప్పు

మాస్టర్ పోయాక మిషన్లు నేను తీసుకుని, మా ఇంటి ముందుగదిలో దుకాణం పెట్టాను. నియమం మాత్రం ఆయనదే ఉంచాను. అప్పటికి నాకు చాలా తెలిసిపోయిందన్న పొగరు కూడా ఉండేది. ఆర్డర్ చూసి ఫలితం చెప్పేదాన్ని. చాలాసార్లు నిజమయ్యేది. పనిలో ఎక్కువ కాలం ఉన్నవాళ్ళకు వచ్చే రోగం ఇది. మీకూ వస్తుంది, జాగ్రత్త.

ఒకరోజు పదకొండు మంది ఆడవాళ్ళు వచ్చారు. మా వెనక గల్లీవాళ్ళు. ముందున్నామె ఇస్త్రీ చేసే బాలమణి. ఆ రోజుల్లో మా వైపు నల్లా నీళ్ళు లేవు, ట్యాంకర్ వచ్చినప్పుడే బిందెలు. నల్లా కావాలని నీళ్ళ ఆఫీసు ముందు కూర్చుంటారట. జెండాలు కావాలట.

"ఏ పార్టీ?" అన్నాను.

"పార్టీ లేదక్కా. నల్లా పార్టీ" అని నవ్వింది బాలమణి.

"ఏ రంగు?"

"నువ్వే చెప్పు. నీకు రంగులు ఎరుకే గదా."

"పదకొండు మందికి జెండలెందుకు? ఆఫీసర్ కిటికీల కెల్లి చూస్తే మీరు కనవడను సుత కనవడరు. గుడ్డ ఖరాబు. పోయి వంట జేసుకోండ్రి" అన్నాను.

బాలమణి నవ్వు ఆగిపోయింది. "మంది లేరనే జెండ అడుగుతున్నమక్కా. మంది ఉంటే జెండెందుకు మాకు?" అంది.

నేను మిషన్ తొక్కడం షురూ చేశాను. అంటే ఇక పొండి అని. వాళ్ళు వెళ్ళిపోయారు.

బాలమణి తన ఇస్త్రీ బల్ల మీద పరిచే దుప్పటి తీసి, అక్కడక్కడ మాడిన మచ్చలతోనే, చీపురుకర్రకు కట్టుకుని పోయింది. వాళ్ళు వంతులవారీగా కూర్చున్నారు. ఒకరు పనికి పోతే ఇంకొకరు. కొన్నాళ్ళకు పదకొండు ఇరవై అయ్యారు, తర్వాత లెక్క నాకు తెలియదు. ఆ దారినే నేను దారం కొనడానికి పోతూ తల పక్కకు తిప్పుకునేదాన్ని. చలికాలం దాటేలోపు నీళ్ళ గొట్టాలు వేశారు.

ఆ గొట్టం వెనక గల్లీతో ఆగలేదు. మా ఇంటి వరకూ వచ్చింది. పొద్దున్న నల్లా తిప్పితే నీళ్ళు పడ్డాయి. బిందె నిండేదాకా నేను అక్కడే నిలబడ్డాను. నేను ఇయ్యనన్న జెండా తెచ్చిన నీళ్ళు అవి.

అదే రోజు మంచి గుడ్డ తీసి పదకొండు జెండాలు కుట్టాను, రెండు కుట్లతో. బాలమణి ఇంటికి తీసుకుపోయాను. ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, జెండాలు చేత్తో తడిమి చూసి, "ఇప్పుడెందుకక్కా? నల్ల వచ్చింది గదా" అంది. వెక్కిరించలేదు. నిజంగానే అడిగింది. వాటిని కలిపి కుట్టి ఇస్త్రీ బల్ల మీద పరుచుకుంది. కన్నుమూసేవరకూ దాని మీదే బట్టలు ఇస్త్రీ చేసింది.

నా వృత్తిలో నేను చేసిన పెద్ద తప్పు అదే. కుట్టు తప్పు కాదు, కొలత తప్పు. మందిని చూసి ఆశను కొలిచాను. ఆశ ఉన్నచోట మంది తర్వాత వస్తారని, రెండో ఆర్డర్ గురించి అందరికీ పాఠం చెప్పే నేనే మరిచిపోయాను. మొదట ఎవరో ఒకరు నలుగురిలో నవ్వులపాలు కావడానికి సిద్ధపడితేనే రెండోది అనేది ఉంటుంది. గుడ్డలో పొదుపు చేయండి, దారంలో చేయండి. నేను చేసినట్టు ఎదుటివాళ్ళ ఆశలో పొదుపు చేయకండి.

మళ్ళీ ఆ గొడవ

రెండేళ్ళ కింద కళ్ళకు ఆపరేషన్ అయ్యాక మిషన్ సుజాతకు అప్పజెప్పాను. ఇప్పుడు గుడ్డ అచ్చయ్యే వస్తుంది. అంచులు, గొట్టాలు మాత్రం మేం కుడతాం. ఐదుగురు ఆడవాళ్ళు పనిచేస్తారు.

ఈసారి వార్డు ఎన్నికలు వచ్చాయి. మా గల్లీకి కావాల్సింది ఒకటే, నాలాకు గోడ. పెద్దవాన పడితే మోకాళ్ళ దాకా నీళ్ళు ఇళ్ళలోకి వస్తాయి. గోడ కడతామని రాసిన బ్యానర్లకు అంచులు కుట్టింది మేమే, అన్ని పార్టీలకూ, ప్రతిసారీ. పోయిన వానలకు ఒక పార్టీ గోడ బ్యానర్లు నాలా నీళ్ళలోనే తడిశాయి. వాటిని పిండి ఆరేసింది సుజాత. ఆరేస్తూ ఆరేస్తూ, "ఇగ నేనే నిలబడ్త" అంది. నేను వేళాకోళం అనుకున్నాను. నామినేషన్ కాగితం తెచ్చాక తెలిసింది, కాదని. దాని మీద ప్రతిపాదిస్తూ వార్డు ఓటరు ఒకరు సంతకం పెట్టాలి.

బల్ల మీద మూడు పార్టీల థాన్లు ఉన్నాయి. ఈ ఇంటి నుంచి మనిషి నిలబడితే ముగ్గురూ వాటిని తీసుకుపోతారు. అదే చెప్పాను.

"థాన్లు పోతే ఈ ఐదుగురికి ఏం పని పెడ్తవ్? ఆళ్ళ పొయ్యిల పిల్లి లేవదు, గది ఆలోచించినవా?"

సుజాత నోరు తెరిచేలోపు మిషన్ మీద నుంచి షాహీన్ లేచింది. మా దుకాణంలో గొట్టం కుట్టు బాగా వేసేది ఆమే. "అమ్మా, నన్ను అడ్డం పెట్టకు. పోయిన వానకు మా ముసలి అమ్మిని మంచం మీద నిలబెట్టి నేను నీళ్ళల్ల నిలబడ్డ. థాన్లు పోతే పోనీ. జాకిట్లు కుడ్త" అంది.

"నువ్వు కూసో" అన్నాను.

"కూసుంట. కానీ జెర ఇను."

సుజాత కాగితం మళ్ళీ నా ముందుకు జరిపింది. ఈసారి గొంతు పెంచలేదు.

"అత్తమ్మా, పెళ్ళై వచ్చిన కొత్తల బాలమణక్క కథ నువ్వే చెప్పినవ్ నాకు. చెప్పి కండ్లు తుడుసుకున్నవ్. నేను సుత మందిని వెంటేసుకొని రాలే. ఒక్కదాన్నే వచ్చిన. పోయి వంట జేసుకో అంటవా?"

థాన్ల మీద దుమ్ము దులిపాను. కాగితం బల్ల మీదే ఉంది. ఆమె తీసుకోలేదు, నేను తీయమనలేదు.

మర్నాడు పొద్దున్న నల్లా నీళ్ళతో స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, కాగితం మడత పెట్టి సంచిలో వేసుకున్నాను. "నడువు" అన్నాను సుజాతతో. ఆటో పిలవబోయింది. "కాళ్ళు లేవా?" అన్నాను. నడిచిపోయాం. ఆఫీసులో గుమాస్తా నన్ను చూసి, వేలిముద్రకని ఇంకు డబ్బా ముందుకు జరిపాడు. "పెన్ను ఇయ్యి బిడ్డా" అన్నాను. రాశాను. పేరు చివర ఒత్తు గీత దాటింది. అలాగే ఉంచాను. కాగితం తీసుకున్నారు.

ఇంటికి వచ్చేసరికి ఒక పార్టీ మనుషులు థాన్లు ఎత్తుకుపోవడానికి వచ్చి ఉన్నారు. కుట్టడం పూర్తయిన జెండాలు కూడా మడిచి ఇచ్చాను. గొట్టం దగ్గర రెండు కుట్లు ఉన్నాయో లేదో చూసుకొమ్మన్నాను. వాళ్ళు చూడలేదు. మిగతా రెండు పార్టీల వాళ్ళు ఆ పూటకు రాలేదు.

సుజాతకు గుర్తు ఇంకా ఇవ్వలేదు. అయినా తెల్ల గుడ్డ తీసి, గుర్తు వేయడానికి మధ్యలో జాగా వదిలి, బల్ల మీద పరిచాను.

"ఎన్ని కత్తిరిస్తున్నవ్ అత్తమ్మా?" అని అడిగింది.

"పదకొండు."

"గంతేనా?"

"మొదటి ఆర్డర్ గంతే. రెండోది గల్లీ ఇయ్యాలె" అని చెప్పి, రెండేళ్ళ తర్వాత మిషన్ ముందు కూర్చుని గొట్టం కుట్టడం మొదలుపెట్టాను.